ఇంటిలో సముద్రపు తొట్టి: మొదట నీరు, పిదప చేప

(తల్లిదండ్రులకొక పాఠము)

మన పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదిలో నాలుగు సంవత్సరములుగా ఒక ఉప్పునీటి చేపల తొట్టి యున్నది. అందులో రెండు క్లౌన్ చేపలు, కొన్ని నత్తలు, శంఖములలో కాపురముండు చిన్న పీతలు నాలుగు కలవు. దానిని చూచిన బాలబాలికలు ఇంటికి పోయి తమకును అట్టిది కొనిపెట్టుమని అడుగుచున్నారు. ఈ సంవత్సరము తల్లిదండ్రుల సమావేశమునకు వచ్చినవారిలో పలువురు, పిల్లల చదువును గూర్చి అడిగిన పిమ్మట, తొట్టిని గూర్చియు అడిగిరి. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుటకంటె ఈ వార్షిక సంచికలో అందరికి ఒక్కమారు చెప్పుట మేలని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాను.

ఒకేనాడు తొట్టియు, ఉప్పును, చేపలును కొని, సాయంకాలమునకు అన్నియు అమర్చి దీపము వెలిగించిన యిండ్లు మన యెరుకలో కలవు. మొదటి రెండు దినములు ఇంటిల్లిపాదికి పండుగ. మూడవనాడో నాలుగవనాడో చేపలు మేత ముట్టవు. వారము తిరుగకముందే ఒక్కొక్కటిగా చచ్చును. నీరు చూచుటకు తేటగానే యుండును గనుక కారణమెవ్వరికిని తోచదు. మరల కొత్త చేపలను తెత్తురు, అవియు పోవును. ఇందులో వ్యర్థమైన ధనము మాట యటుంచుడు. చచ్చిన ప్రాణికి బదులు అంగడిలో మరియొక ప్రాణి దొరకునను పాఠమును మన పిల్లవాడు నేర్చుకొనును. అది మనము నేర్పదగిన పాఠము కాదు.

ఈ నష్టము తప్పించుకొనదగినదే. దానికి కావలసినది అధికధనము గాని అధికవిద్య గాని కాదు; ఆరు వారముల ఓర్పు. ఈ వ్యాసమంతటికి సారము ఒక్క వాక్యము: మొదట నీటిని పెంచవలెను, నీరు పెరిగిన పిదపనే చేపను పెంచవలెను. నీటిని పెంచుట యేమని మీరు అడుగవచ్చును. దానినే ముందుగా వివరింతును.

కంటికి కనబడని కాపురస్థులు

1850లో రాబర్టు వారింగ్టన్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు ఒక తొట్టిలో రెండు బంగారు చేపలను, నీటిలో పెరుగు ఒక మొక్కను కలిపి యుంచి, అవి ఒకదానివలన నొకటి బ్రదుకునని లండనులోని రసాయనశాస్త్ర సంఘమునకు తెలియజేసెను. మొక్క ఆకులు కుళ్ళి నీరు చెడుచుండగా నత్తలను చేర్చెను. అవి కుళ్ళును తిని నీటిని తేటపరచెను. నేటి తొట్టులన్నిటికి ఆయన తొట్టియే మూలమని చెప్పవచ్చును.

ఆయన కుమారుని పేరును రాబర్టు వారింగ్టనే. ఈ చిన్న వారింగ్టన్ ఇంగ్లండులోని రాథంస్టెడ్ వ్యవసాయ పరిశోధనాలయమున మట్టిని పరీక్షించుచుండెను. మట్టిలోని అమ్మోనియా పైరునకు పనికివచ్చు నైట్రేటుగా మారుట జీవుల పనియని ష్లోజింగ్, ముంట్జ్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 1877లో చూపిరి. ఆ మార్పు రెండు అంచెలుగా జరుగునని చిన్న వారింగ్టన్ తెలిపెను. 1890 ప్రాంతమున వినోగ్రాడ్‌స్కీ అను రష్యా శాస్త్రజ్ఞుడు ఆ సూక్ష్మజీవులను వేరుపరచి చూపెను. తండ్రి తొట్టిని నిలిపెను. తొట్టిని నిలుపు ముఖ్యకారణములలో నొకదానిని కుమారుడు మట్టిలో వెదకెను.

ఇప్పుడు మన తొట్టికి వత్తము. చేప తన మొప్పలనుండి అమ్మోనియాను నీటిలోనికి విడుచుచుండును. తినగా మిగిలిన మేతయు కుళ్ళి అమ్మోనియాయే అగును. ఇది చేపకు విషము. ఒక జాతి సూక్ష్మజీవులు దీనిని నైట్రైటుగా మార్చును, ఇదియు హానికరమే. మరియొక జాతి ఆ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు కొంత పెరిగినను చేప ఓర్చుకొనును. అప్పుడప్పుడు కొంత నీరు మార్చి దానిని తగ్గించవచ్చును.

ఈ సూక్ష్మజీవులు రాళ్ళమీదను, ఇసుకయందును, ఫిల్టరులోని రంధ్రములయందును అంటుకొని కాపురముండును. కొత్త తొట్టిలో అవి చాలినన్ని యుండవు. చేపను మొదటినాడే వేసిన యెడల అది తన విషములోనే తాను ఈదుచుండును.

మంచినీటి తొట్టిలో కొంత నిర్లక్ష్యము చెల్లినట్లు ఉప్పునీటిలో చెల్లకుండుటకు కూడ ఇదియే కారణము. అమ్మోనియా నీటిలో రెండు రూపములుగా నుండును. ఒకటి అంతగా హానిచేయనిది, రెండవది ఘోరమైనది. నీటి క్షారగుణము పెరిగినకొలది రెండవ రూపము పాలు పెరుగును. సముద్రజలపు పి.హెచ్. సుమారు 8.2, తటస్థమైన మంచినీటిది 7. ఒకే పరిమాణము అమ్మోనియా రెండింటిలో నున్నను, ఉప్పునీటిలో ఘోరరూపము పదిరెట్లకు పైగా నుండును. కనుక ఇక్కడ తొందరపాటునకు శిక్ష శీఘ్రముగా వచ్చును.

ఉప్పునీరన వంటయింటి ఉప్పు కలిపిన నీరు కాదు

లీటరు సముద్రజలములో సుమారు 35 గ్రాముల లవణములుండును. అందులో మనము తిను ఉప్పు నూటికి ఎనుబదియైదు పాళ్ళు మాత్రమే. తక్కినవి మెగ్నీషియము, కాల్షియము, పొటాషియము, గంధకామ్లపు లవణములు మొదలైనవి. ఉప్పుమడిలో ఉప్పు గడ్డకట్టునపుడు ఈ తక్కినవానిలో చాలభాగము అడుగున మిగిలిన చేదునీటిలోనే నిలిచిపోవును. కాబట్టి కల్లుప్పైనను, అయొడిను కలిపిన పొడియుప్పైనను తొట్టికి పనికిరాదు. చేపల తొట్టులకొరకే అన్ని లవణములు కలిపి చేసిన ఉప్పు అంగళ్ళలో దొరకును. దానినే కొనవలెను.

“సముద్రము మనకు దగ్గరలోనే యున్నదిగదా, నాలుగు బిందెలు తెచ్చిన చాలదా?” అని ఒక తండ్రి యడిగెను. ప్రశ్న సహజమే. కాని పెద్ద పట్టణముల తీరమున మురుగుకాలువలు సముద్రములో కలియుచుండును. వానకాలమున నదుల నీరు, వాననీరు చేరి ఒడ్డునీటి లవణత తగ్గును. నేటి నీటికిని వచ్చే నెల నీటికిని పోలిక కుదురదు. ప్రారంభకునకు లెక్కకు నిలుచు నీరు కావలెను.

ఉప్పును కలుపు నీరు సయితము శుద్ధమైనది కావలెను. కుళాయినీటిలో క్లోరిను, గొట్టపుబావి నీటిలో తెలియని ఖనిజములు ఉండును. ఆర్.ఓ. యంత్రమునుండి వచ్చిన నీరు మేలు. ఐతే త్రాగునీటి యంత్రములలో పెక్కు రుచికొరకు కొంత ఖనిజాంశమును నిలుపును. టి.డి.యస్. కొలచు చిన్న పరికరముతో చూచి, సున్నకు దగ్గరగా నున్న నీటినే వాడవలెను.

ప్లాస్టికు బకెట్టులో నీరు పోసి, ఉప్పు వేసి, చిన్న పంపుతో ఒక దినము త్రిప్పుచు ఉంచవలెను. రాగి, ఇత్తడి పాత్రలను ఎన్నటికిని వాడరాదు. రాగి లేశమాత్రము దిగినను నత్తలకు, పీతలకు ప్రాణాంతకము. సబ్బు తగిలిన బకెట్టును కూడ దూరముగా నుంచవలెను. తొట్టికని ఒక బకెట్టును వేరుగా నుంచి, దానిపై పేరు వ్రాయుట మంచిది. ఉప్పు పూర్తిగా కరిగిన పిదప హైడ్రామీటరుతో గాని, అంతకంటె నమ్మదగిన రిఫ్రాక్టోమీటరుతో గాని కొలువవలెను. విశిష్టసాంద్రత 1.025 ప్రాంతమున నుండిన సరిపోవును.

ఈ కొలత యింత ముఖ్యమగుట యేల? పచ్చి మామిడిముక్కలపై ఉప్పు చల్లి జాడీలో నుంచిన మరునాటికి ఊట దిగుట మన తల్లులందరు ఎరిగినదే. సముద్రపు చేప స్థితియు అట్టిదే. దాని శరీరద్రవము చుట్టునున్న నీటిలో మూడవవంతు ఉప్పదనము మాత్రమే గలది. కనుక దాని ఒంటినుండి నీరు నిరంతరము వెలికి పోవుచుండును. అందుచేత అది ఉప్పునీటిని త్రాగి, అధికమైన ఉప్పును మొప్పలద్వారా వెడలగొట్టుచు బ్రదుకును. నీటిలో వసించుచు దాహముతో పోరాడు ప్రాణి అది! లవణత ఒక్కసారిగా మారిన యెడల ఈ పోరాటములో అది ఓడిపోవును.

తొట్టియు పరికరములును

చిన్న తొట్టి సులభమని తోచును గాని నిజము దానికి విరుద్ధము. నీరెంత తక్కువయైన అంత త్వరగా వేడెక్కును, అంత త్వరగా చెడును. మూడడుగుల పొడవు, అడుగుంబావు వెడల్పు, అడుగుంబావు ఎత్తుగల గాజుతొట్టి ప్రారంభమునకు తగినది. అది నిండిన సుమారు 130 లీటర్లు పట్టును. రాళ్ళు, ఇసుక పోగా, పైన కొంత వెలితి వదలగా 110 లీటర్ల నీరుండును. దీనికి మొదటిమారు నాలుగు కిలోలకు పైగా ఉప్పు పట్టును. అన్నియు కలిపి 170 కిలోల బరువగును. కావున సమతలమైన గట్టి బల్ల కావలెను. నిండిన తొట్టిని కదలించుట అసాధ్యము. ఎండ నేరుగా పడని చోటును మొదటనే నిర్ణయింపవలెను.

పరికరములు ఇవి: ఫిల్టరు ఒకటి, నీటిని కదలించు పంపు ఒకటి, దీపము, ఉష్ణమాపకము, లవణత కొలచు సాధనము, అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు పరీక్షించు మందుల పెట్టె. నీటిలోని జిడ్డుమలినమును నురుగుగా తేల్చి తీయు ప్రోటీన్ స్కిమ్మరు అను సాధనము కూడ నున్న మేలు. అడుగున అంగుళము మందము అరగోనైటు ఇసుక చాలును. సముద్రతీరపు ఇసుక వలదు. సూక్ష్మజీవులకు ఇల్లుగా పదిపండ్రెండు కిలోల ఎండురాళ్ళు, రంధ్రములు గలవి, పేర్చవలెను. పింగాణి రాళ్ళును ఇందుకు చేసినవి దొరకును. రాళ్ళు దొర్లి గాజు పగులకుండ మొదట రాళ్ళు నిలిపి, పిదప ఇసుక పోయవలెను.

విద్యుత్తు విషయమున తల్లిదండ్రులు స్వయముగా శ్రద్ధ వహింపవలెను. ఉప్పునీరు విద్యుత్తును బాగుగా ప్రవహింపజేయును. ప్రతి తీగయు ప్లగ్గుకంటె క్రిందికి వ్రేలాడి మరల పైకి వచ్చునట్లు అమర్చినచో, జారిన నీటిబొట్టు ప్లగ్గును చేరక నేలపై పడును. స్విచ్చులు కట్టక తొట్టిలో చేయి పెట్టరాదను నియమము ఇంటిలో అందరికి ఉండవలెను. లీకేజి కలిగిన వెంటనే విద్యుత్తును ఆపు బ్రేకరు ఇంట లేని యెడల ముందు దానిని పెట్టించుకొనవలెను.

ఆరు వారముల నిరీక్షణ

తొట్టిలో నీరు, ఇసుక, రాళ్ళు అమరినవి, పంపు తిరుగుచున్నది. చేప లేదు. ఇప్పుడే అసలు పని ప్రారంభమగును.

సూక్ష్మజీవులకు ఆహారము కావలెను. దానికి పచ్చిరొయ్య ముక్క యొకటి వేసి కుళ్ళనీయవచ్చును. లెక్క తెలిసి చేయుటకు అమ్మోనియం క్లోరైడు ద్రావణమును కొలతప్రకారము, లీటరునకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వచ్చునట్లు వేయుట మేలు. సీసాలలో అమ్ము సూక్ష్మజీవుల ద్రవమును చేర్చిన కాలము కొంత కలసివచ్చును.

రెండు మూడు దినములకొకమారు పరీక్ష చేసి పుస్తకములో వ్రాయవలెను. మొదటి వారమున అమ్మోనియా మాత్రమే కనబడును. రెండవ మూడవ వారములలో అది తగ్గుచు నైట్రైటు పెరుగును. ఆ పిదప నైట్రైటు తగ్గి నైట్రేటు కనబడును. చిన్న వారింగ్టన్ మట్టిలో చూచిన రెండంచెలను మీ కుమార్తె మీ ఇంటి నడవలో పరీక్షనాళికలోని రంగులలో చూడగలదు. ఇంతకంటె మంచి రసాయనశాస్త్ర పాఠము మా తరగతిగదిలోను దొరకుట అరుదు.

సాధారణముగా నాలుగునుండి ఆరు వారములు పట్టును. తొట్టి సిద్ధమైనదని తెలియుటకు గుర్తు క్యాలెండరు కాదు. మరల 2 మిల్లీగ్రాముల అమ్మోనియా వేసి, ఇరువదినాలుగు గంటల పిదప పరీక్షించిన అమ్మోనియాయు నైట్రైటును రెండును సున్నగా నుండవలెను. అప్పుడు నీరు పెరిగినదని అర్థము. చివర సగము నీటిని మార్చి, చేర్చిన నైట్రేటును తగ్గింపవలెను.

ఈ దినములలో రాళ్ళపై గోధుమరంగు పొర, తరువాత పచ్చని పాచి వచ్చును. భయపడనక్కరలేదు. అది కొత్త తొట్టి లక్షణము. పిల్లలు “చేప ఎప్పుడు?” అని దినదినము అడుగుదురు. “నీటిని అడుగుము” అని పరీక్షల పెట్టెను చేతికిండు.

మొదటి చేప

మొదటి చేపగా క్లౌన్ చేపను మించినది లేదు. నారింజరంగుపై తెల్లని పట్టెలు గల ఈ చేప దృఢమైనది, చిన్నది, చేతి మేతకు త్వరలో అలవడును. చక్కగా సాకిన యెడల పదేండ్లకు పైగా జీవించును. ఈ జాతి మన అండమాను జలములలో గలదు. ఐతే సముద్రమునుండి పట్టినదానిని కొనవలసిన పనిలేదు. మన కేంద్ర సముద్రమత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులును, పరంగిపేటలోని అణ్ణామలై విశ్వవిద్యాలయ సముద్రజీవశాస్త్ర కేంద్రమువారును వీనిని తొట్టులలోనే పొదిగించి పెంచు విధానమును సాధించిరి. తొట్టిలో పుట్టిన చేప తొట్టిజీవితమునకు అలవడినది. దానిని కొనుటవలన సముద్రమునకు లోటు రాదు. అంగడివానిని ఈ ప్రశ్న అడుగుట మరువకుడు. మేత వేసి చూపుమని కూడ అడుగుడు. తినని చేపను కొనరాదు.

ఈ చేపలలో ఒక వింత కలదు. పుట్టుకతో అన్నియు మగవే. ఒకచోట నివసించువానిలో అన్నిటికంటె పెద్దది ఆడదిగా మారును. అది చనిపోయిన తరువాతిది ఆ స్థానమును పొందును. చిన్న చేపలు రెండింటిని కలిపి కొనిన కొంతకాలమునకు అవే జంట యగును.

ఇంటికి తెచ్చిన చేపను నేరుగా తొట్టిలో వేయరాదు. వీలైన వేరొక చిన్న పాత్రలో మూడునాలుగు వారములుంచి రోగములేదని నిశ్చయించుకొనవలెను. ఒంటిపై ఉప్పురవ్వలవంటి తెల్లని చుక్కలు కనబడిన అది అంటురోగము. రాగితో కూడిన మందును ఆ పాత్రలోనే వాడవలెను గాని, ప్రధానమైన తొట్టిలో కాదు. పాత్రలోనికైనను, తొట్టిలోనికైనను దింపునపుడు సంచిని పావుగంట తేలనిచ్చి వేడిమి సమానమైన పిదప, సన్నని గొట్టముతో అరగంటసేపు బొట్టుబొట్టుగా కొత్త నీటిని చేర్చి, చేపను మాత్రము వలతో తీసి వేయవలెను. సంచిలోని నీటిని పారబోయవలెను.

మరియొక చేపను చేర్చుటకు మూడు వారములైన ఆగవలెను. సూక్ష్మజీవుల సంఖ్య మేతకు తగినట్లు పెరుగుటకు ఆ కాలము కావలెను. మూడడుగుల తొట్టికి చిన్న చేపలు మూడు నాలుగు చాలును.

కొనరానివి, తేరానివి

2003లో వచ్చిన ‘ఫైండింగ్ నీమో’ అను చలనచిత్రమును చూచిన పిల్లలు క్లౌన్ చేపతోపాటు నీలిరంగు టాంగ్ చేపను, సముద్రపు ఎనిమోనును కూడ కోరుదురు. టాంగ్ చేప పెరిగి అడుగు పొడవగును. దూరము ఈదు స్వభావము గలది. మూడడుగుల తొట్టి దానికి చెరసాల. ఎనిమోను పువ్వువలె కనబడు ప్రాణి. దానికి తీవ్రమైన కాంతియు, పాతబడిన తొట్టియు కావలెను. కొత్త తొట్టిలో అది చచ్చిన నీరంతయు చెడును. అది లేకయే క్లౌన్ చేప సుఖముగా నుండును.

పగడములను, సముద్రపు గుఱ్ఱములను తాకనే వలదు. 1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద వీనికి 2001లో రక్షణ కల్పింపబడినది. పగడపు దిబ్బలనుండి ప్రాణులతోకూడిన రాతిని పెరికి తెచ్చుటయు, అమ్ముటయు, కొనుటయు నేరము. ఎవరైన రహస్యముగా అమ్మజూపిన యెడల నిరాకరింపుడు.

చట్టమునకు వెనుక ఒక చరిత్ర కలదు. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ అను ఆంగ్లేయుడు ‘ది అక్వేరియం’ అను గ్రంథమును ప్రకటింపగా సముద్రపు తొట్టి ఇంటింటి వేడుకయైనది. జనులు తీరమునకు పోయి రాతిగుంటలలోని ప్రాణులను పెరికి తెచ్చిరి. వేలయేండ్లుగా అందముగా నున్న గుంటలు బోసిపోయినవి. ప్రేమతో వ్రాసిన తన గ్రంథములే ఈ చేటునకు మూలమగుట చూచి ఆయన నొచ్చుకొనెనని ఆయన కుమారుడు ఎడ్మండ్ గాస్ 1907లో తన ఆత్మకథాగ్రంథమున తెలిపెను. అదే కాలమున, 1909లో, ప్రభుత్వ మ్యూజియము అధికారి ఎడ్గార్ థర్స్టన్ కృషివలన మన చెన్నపట్టణపు మెరీనా తీరమున సముద్ర జలచరశాల వెలసినది. అది రెండవ ప్రపంచయుద్ధకాలమున మూతపడినది. సముద్రమును ప్రజలకు చూపుట మంచిదే. చూపుటకై సముద్రమును కొల్లగొట్టుట మాత్రము తగదు.

పెంచలేక విసిగినను చేపలను సముద్రములోనో కాలువలోనో విడువరాదు. మన సముద్రములలోని లయన్ చేప 1985లో అమెరికాలోని ఫ్లోరిడా తీరమున కనబడి, తరువాత అట్లాంటిక్ పశ్చిమతీరమంతట వ్యాపించి అక్కడి చేపలను తినివేయుచున్నది. అది పెంపుడు తొట్టులనుండి చేరినదని శాస్త్రజ్ఞులు తలచుచున్నారు.

వేసవి, తుఫాను

శీతలదేశముల పుస్తకములు నీటిని వేడిచేయు విధమును చెప్పును. మనకు చల్లబరచుటయే కష్టము. నీరు 25 మొదలు 27 డిగ్రీల వరకు నుండుట మంచిది. మే నెలలో మన ఇండ్లలో అది 31, 32కు పోవును. వేడినీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగును. చేప పైకి వచ్చి రొప్పును. నీటిపై చిన్న పంఖా గాలి తగులునట్లు పెట్టిన ఆవిరివలన రెండు మూడు డిగ్రీలు తగ్గును. కూజానీరు చల్లబడుట యిట్లే. గాలిలో తేమ హెచ్చుగానున్న దినములలో ఈ ఉపాయము కొంత మందగించును. అట్టి ఇండ్లలో చల్లబరచు యంత్రము కొనవలసియుండును. ఆ ఖర్చును ముందే లెక్కింపవలెను.

ఆవిరి యైనది నీరే గాని ఉప్పు కాదు. దీనిని పిల్లలచేత లెక్క కట్టింపుడు. 110 లీటర్లలో లీటరునకు 35 గ్రాముల చొప్పున 3,850 గ్రాముల ఉప్పు కలదు. దినమునకు రెండు లీటర్ల చొప్పున వారమునకు 14 లీటర్లు ఆవిరియైన మిగులునది 96 లీటర్లు. అప్పుడు లీటరునకు ఉప్పు 40 గ్రాములు! తొట్టి మెల్లగా ఉప్పుమడి యగుచున్నది. కాబట్టి దినదినము తగ్గిన నీటిని ఉప్పులేని శుద్ధజలముతోనే పూరింపవలెను. గాజుపై ఒక గీత గీసి, ఆ గీతవరకు పోయు పనిని ఎనిమిదేండ్ల బాలుడును చేయగలడు.

2016 డిసెంబరు 12వ తేదీన వర్దా తుఫాను చెన్నై దగ్గర తీరము దాటినపుడు పలు పేటలలో దినములతరబడి కరెంటు లేకుండెను. అట్టి వేళ చేపకు మొదట కావలసినది గాలి. బ్యాటరీతో నడచు గాలిపంపును, అదనపు బ్యాటరీలను సిద్ధముగా నుంచవలెను. కరెంటు లేనంతకాలము మేత వేయరాదు. ఆరోగ్యముగానున్న చేప రెండు మూడు దినములు ఉపవాసముండగలదు. చాలగంటలు ఆగిన మూతగల ఫిల్టరులో నీరు కుళ్ళును. కరెంటు వచ్చినంతనే దానిని త్రిప్పక, తెరచి ఉప్పునీటితో కడిగిన పిదప త్రిప్పవలెను.

దినచర్య

ప్రతిదినము: వేడిమి చూచుట, తగ్గిన నీరు పోయుట, రెండు నిమిషములలో తినగలిగినంత మేత మాత్రమే వేయుట, చేపలన్నియు కనబడుచున్నవో లేవో లెక్కించుట.

ప్రతివారము: లవణత కొలచుట, గాజు తుడుచుట, స్కిమ్మరు గిన్నె కడుగుట, పరీక్షలు చేసి వ్రాయుట.

పదునైదు దినములకొకమారు: ఒకనాడు ముందు కలిపియుంచిన ఉప్పునీటితో తొట్టినీటిలో పదునైదు పాళ్ళు మార్చుట. అప్పుడు తీసిన నీటిలోనే ఫిల్టరు స్పాంజిని పిండవలెను. కుళాయిక్రింద కడిగిన క్లోరిను తగిలి, ఆరు వారములు కాచి పెంచిన సూక్ష్మజీవులు చచ్చును.

ఇందులో అధికమేతయే అధికప్రమాదము. ప్రేమతో వచ్చు చుట్టములు, తాతయ్యలు, అమ్మమ్మలు చేపలను చూచి జాలిపడి పిడికెడు వేయుదురు. మేత డబ్బాను అందనిచోట నుంచుట మర్యాదకు లోపము కాదు.

కొనుటకు ముందు

తల్లిదండ్రులారా, ఈ పాఠమును చదివి మీరు తొట్టి కొనవలెనని నా ఉద్దేశము కాదు; కొనవలదనియు కాదు. ఇంటిలో పిల్లలతో కూర్చుండి ఈ ప్రశ్నలకు సమాధానము చెప్పుకొనుడు.

1. ఆరు వారములు చేపలేని తొట్టిని చూచుచు ఓర్చుకొందుమా?
2. మేమందరము ఊరికి పోయినపుడు నీరు పోయుటకు నమ్మదగిన పొరుగువారు కలరా?
3. మే నెల వేడికిని, తుఫాను రాత్రికిని ఏర్పాటు చేసితిమా?
4. పరీక్షల పుస్తకమును వ్రాయు బాధ్యత ఎవరిది? వారికి పరీక్షలు వచ్చినపుడు ఎవరు వ్రాయుదురు?
5. ఈ చేప పదేండ్లు జీవించినచో, నేటి ఆరవ తరగతి పిల్లవాడు కళాశాల ముగించువరకు దానిని సాకుదుమా?

అన్నిటికి “ఔను” అను సమాధానము వచ్చినవారు తొట్టిని తెచ్చుకొనుడు. ఏ యొక్కదానికి సందేహమున్నను ఒక సంవత్సరము ఆగుడు. ఆలోపల శనివారము మధ్యాహ్నములందు పిల్లలను పాఠశాల విజ్ఞానశాస్త్రపు గదికి పంపుడు. మా తొట్టికి నీరు పోయుటకు, ఉప్పు తూచుటకు, పుస్తకము వ్రాయుటకు చేతులెప్పుడును కావలసియే యున్నవి.